రెండింటి నుంచి మూడింటి దాకా

ఆడదాన్ని లోకం మూడు ప్రశ్నలు అడుగుతుంది. పెళ్లి కాకముందు "ఎప్పుడు?" అంటుంది. పెళ్లయిన ఆర్నెల్లకి "ఏమన్నా విశేషమా?" అంటుంది. ఈ రెండు గండాలూ గడిచి, పిల్లల పెళ్లిళ్లు చేసి, కాస్త కాళ్లు జాపుకుని ఏదో కొత్త విద్య నేర్చుకుందామని కూర్చున్నామా, "ఇప్పుడెందుకూ?" అంటుంది. మొదటి రెండు ప్రశ్నలూ అడిగేవాళ్లకి జవాబు వినాలన్న కుతూహలమైనా ఉంటుంది. మూడోది అడిగేవాళ్లకి జవాబుతో బొత్తిగా పనిలేదు. అడగడం అడిగేసి, "ఇంతకీ మీ గోంగూర పచ్చట్లో ఇంగువ ఎప్పుడు వేస్తారండీ?" అంటూ ఇంకో మాటలోకి వెళ్లిపోతారు.

అన్ని విద్యలకీ ఈ ప్రశ్న రాదు సుమండీ. వీణ నేర్చుకుంటే అడగరు. సౌందర్యలహరి క్లాసుకి వెళితే అసలే అడగరు, పైగా "అదృష్టవంతులు" అంటారు. నేను పట్టుకున్నది కంప్యూటర్ ప్రోగ్రామింగ్. అందులోనూ పైథాన్ అనే భాష.

"పైథానంటే కొండచిలువ కదుటండీ!" అని భయపడింది పక్కింటావిడ. ఆ పేరుకీ కొండచిలువకీ ఏమీ సంబంధం లేదు. గైడో వాన్ రాసమ్ అనే డచ్చి ఆయన 1991లో ఈ భాషని బయటపెట్టినప్పుడు, తనకి ఇష్టమైన మాంటీ పైథాన్ అనే ఇంగ్లీషు హాస్య కార్యక్రమం పేరు దీనికి పెట్టుకున్నాడుట. హాస్యం చూసి పేరు పెట్టిన భాష గనక మనకీ అచ్చొస్తుందిలే అనుకున్నాను.

నేను బి.యస్సీ. లెక్కలు 1988లో పాసయ్యాను. ఎమ్మెస్సీ సీటూ వచ్చింది, పెళ్లి ముహూర్తమూ వచ్చింది. రెండిట్లో ముహూర్తం ముందొచ్చింది. అందుకు ఎవర్నీ ఏమీ అనను. మా వారు మంచివారే, బ్యాంకు ఉద్యోగం, ఊళ్లు తిరిగాం, పిల్లలు బాగున్నారు. అయితే ముప్పై అయిదేళ్లుగా నేను చేసిన లెక్కల్లో చాకలి పద్దు, పాల పద్దు, చీటీ పద్దు తప్ప మరొకటి లేదు. ఒకప్పుడు ఇంటిగ్రేషన్లు చేసిన బుర్ర ఇంకా ఉందో, అటకమీద ఇత్తడి గంగాళంలా చిలుం పట్టిపోయిందో దించి చూసుకోవాలని మాత్రం ఉండేది.

మా కోడలు సాఫ్టువేరు కంపెనీలో పనిచేస్తుంది. ఓరోజు కూరగాయలు తరుగుతుంటే ఆ పిల్లే అంది. "అత్తయ్యా, ఐ.ఐ.టి. వాళ్లవి ఎన్.పి.టి.ఇ.ఎల్. అని ఉచితంగా పాఠాలుంటాయి. వయసు అడగరు. పరీక్ష రాయాలనుకుంటేనే ఫీజు కట్టాలి. చూడకూడదూ?"

అలా చేరింది "ది జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్" అనే పన్నెండు వారాల కోర్సు. రోపర్ ఐ.ఐ.టి. ప్రొఫెసరు సుదర్శన్ అయ్యంగార్ గారిది. మొదలే భాష జోలికి పోకుండా, చిన్న పిల్లల కోసం తయారు చేసిన స్క్రాచ్ అనే దానితో ఆరంభిస్తారు. రంగురంగుల దిమ్మల్ని ఒకదాని కింద ఒకటి అమరిస్తే తెరమీద పిల్లి నడుస్తుంది. నేను మొదటిసారి పిల్లిని నడిపించినప్పుడు మా వారు పేపరు దించి చూశారు. "అది పాలగిన్నె దగ్గరికి వెళ్లకుండా నడిపించు, చాలు" అన్నారు.

మనం వంటల పుస్తకాల్లో "ఉప్పు తగినంత" అని రాస్తాం. చదివే ప్రతి ఇల్లాలికీ అదెంతో తెలుసు. కంప్యూటర్‌కి తెలీదు. దానికి తగినంత అనే మాటే లేదు. ఎన్ని గ్రాములు, ఎప్పుడు వేయాలి, వేశాక కలపాలా వద్దా, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పాలి. కొత్త పెళ్లికూతురికి మొదటి రోజు అత్తగారు చెప్పినట్టు చెప్పాలన్నమాట. తేడా ఏమిటంటే ఈ కోడలు ఎదురు చెప్పదు, చెప్పినదాన్లో కోలన్ చుక్కలు లేకపోతే మాత్రం "సింటాక్స్ ఎర్రర్" అని మూతి ముడుచుకుని కూర్చుంటుంది. పైగా పైథాన్‌కి పంక్తి మర్యాద జాస్తి. ఒక పనికి చెందిన వాక్యాలన్నీ ఎడమవైపు ఒకే జాగా వదిలి కూర్చోవాలి. ఒకటి కాస్త ముందుకి జరిగినా వడ్డన ఆగిపోతుంది.

లెక్కలు చదివినవాళ్లకి ఇందులో ఒక వింత అడ్డం వస్తుంది. రెండో వారమో మూడో వారమో, తెరమీద "ఎక్స్ ఈక్వల్టు ఎక్స్ ప్లస్ వన్" అని రాశారు. నేను కలం కింద పెట్టేశాను. ఎక్స్‌కి ఒకటి కలిపితే మళ్లీ ఎక్స్ ఎలా అవుతుందండీ! రెండు వైపులా ఎక్స్ కొట్టేస్తే సున్నాకీ ఒకటికీ తేడా లేదని తేలుతుంది. మా కాలేజీలో అలా రాస్తే లెక్చరరుగారు కాగితం మొహాన కొట్టేవారు.

సంగతేమిటంటే ఆ ఈక్వల్టు మన ఈక్వల్టు కాదుట. ఎక్స్ అనేది ఒక డబ్బా. డబ్బాలో ఉన్నది తీసి, దానికి ఒకటి కలిపి, తిరిగి అదే డబ్బాలో పోయమని ఆజ్ఞ. ఇది సమానమా అని అడగాలంటే రెండు ఈక్వల్టులు పక్కపక్కన రాయాలి. ఇది తెలిశాక నాకు వంటింట్లో డబ్బాలన్నీ ఎక్స్, వై, జెడ్‌లాగానే కనబడ్డాయి. నిజానికి మనం చేసేదీ అదే. హార్లిక్సు సీసాలో కందిపప్పు, బిస్కెట్ల డబ్బాలో సూదీదారం. పేరు ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి. ఇల్లాలికి వేరియబుల్ అంటే ఏమిటో వేరే చెప్పాలా?

అసలు పాఠం నాకు బోధపడింది మా అత్తగారి వల్ల. ఆవిడకి ఎనభై రెండేళ్లు. కళ్లద్దాలు సవరించుకుని, "ఏమే, ఆ పెట్టెతో రోజూ ఏం మాట్లాడుతున్నావ్?" అని అడిగారు. ఒకే పనిని కొన్నిసార్లు చేయించడానికి ఫర్ అనే మాట వాడతామని, దాన్ని లూప్ అంటారని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు. అలాగా?" అన్నారు.

ముమ్మాటికీ అలాగే! నడుమ వరసలో 15 చుక్కలు పెట్టి, పైకీ కిందికీ వరసకొకటి తగ్గిస్తూ, 8 వచ్చేసరికి ఆపమని కదా అర్థం. మన వారపత్రికలు సంక్రాంతి సంచికల్లో ఏళ్ల తరబడి ముగ్గుల కింద వేసింది చిన్న చిన్న ప్రోగ్రాములే. అమ్మమ్మల కాలం నుంచీ లక్షల మంది ఆడవాళ్లు తెల్లవారుజామున ముంగిట్లో వాటిని నడిపించారు.

ఆ సాయంత్రం ఆవిడ ముగ్గుని పైథాన్‌లో రాశాను. లెక్క 8 నుంచి 15 దాకా పెరగాలి, మళ్లీ 14 నుంచి 8 దాకా తగ్గాలి. వరస ముందు వదలాల్సిన ఖాళీల లెక్క వేరు. ఇక్కడ పైథాన్‌కి ఇంకో చాదస్తం. 15 దాకా కావాలంటే 16 అని చెప్పాలి. మనం దిగాల్సిన చోటు తర్వాతి స్టాపు పేరు కండక్టరుకి చెప్పినట్టు. మీట నొక్కగానే 15 వరసలు తెరమీద బారులు తీరాయి. మొత్తం ఎన్నో కూడా లెక్కపెట్టమన్నాను. 169 అని చెప్పింది.

"తొమ్మిదో ఏట నుంచీ వేస్తున్నానే ఆ ముగ్గు. మొత్తం ఎన్నో ఏనాడూ లెక్కపెట్టలేదు" అన్నారు అత్తగారు. ఆ రాత్రి భోజనాల దగ్గర అందరికీ చెప్పారు, 169 అని. మర్నాడు పాలవాడికి కూడా చెప్పారు.

ఇంకో ముచ్చట చెబుతాను. 2008లో వచ్చిన పైథాన్ మూడో రూపం నుంచీ మన డబ్బాలకి తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు. "పాలు", "పెరుగు" అని రాసినా అభ్యంతరం లేదు. తెలుగు మాటల్ని కొలవను కూడా కొలుస్తుంది. "అమ్మ" అని రాసి ఇందులో ఎన్ని అక్షరాలు అని అడిగితే, నాలుగు అంది. అత్తగారికి కోపం వచ్చింది. "రెండే కదుటే!" అన్నారు. కోడలు వచ్చి వివరించింది. కంప్యూటర్ తెలుగుని దాచుకునే పద్ధతిలో అ ఒకటి, మ ఒకటి, రెండు మలనీ కలిపే పొల్లు ఒకటి, చివరి మ ఇంకొకటి. పైకి కనపడేవి రెండు, లోపల నాలుగు.

"అమ్మలో పైకి కనపడనివి కూడా ఉంటాయని దానిక్కూడా తెలిసిందన్నమాట" అని అత్తగారు జపమాల తీసుకున్నారు.

మా కోడలి సంగతి చెప్పాలి. ఆ పిల్ల ఒక్కోసారి రాత్రి పన్నెండు దాటినా లాప్‌టాప్ ముందు నుంచి లేవదు. పిలిచినా పలకదు. వచ్చిన చుట్టాలు "ఎప్పుడూ ఆ పెట్టె ముందేనా?" అని సన్నాయి నొక్కులు నొక్కి పోతుంటారు. ఓ రాత్రి అత్తగారు కూడా, "అన్నం చల్లారిపోతోంది. అంత రాచకార్యం ఏమిటే?" అన్నారు.

"బగ్ వచ్చిందిట అత్తయ్యగారూ."

"అంటే?"

మెలికల ముగ్గు తెలుసు కదా. గీత చుక్కలన్నిటినీ చుట్టి బయల్దేరిన చోటికే రావాలి. ఎక్కడో ఒక మెలిక తప్పిందనుకోండి. చివర్లో గీత కలవదు. ఎక్కడ తప్పిందో అక్కడ కనబడదు, ఇంకెక్కడో తేలుతుంది. మొదటి నుంచీ వేలు పెట్టి గీత వెంట నడుచుకుంటూ రావాలి. ఆ సమయంలో ఎవరైనా పిలిస్తే మళ్లీ మొదటికే. ఇదంతా చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "అయితే పిలవకు. పెరుగన్నం కలిపి పక్కన పెట్టిరా" అన్నారు.

బగ్ అంటే పురుగే. ఇంజనీర్లు ఆ మాటని ముందు నుంచీ వాడేవారు గాని, 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్‌లోని మార్క్-2 అనే యంత్రంలో నిజంగానే ఒక రెక్కల పురుగు ఇరుక్కుని పని ఆగిపోయిందిట. దాన్ని తీసి లాగ్ పుస్తకంలో అతికించారు. ఆ పుస్తకం ఇప్పటికీ అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. అక్కడ పనిచేసిన గ్రేస్ హాపర్ అనే ఆవిడే 1952లో, మనం రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చే కంపైలర్లకి శ్రీకారం చుట్టింది. అంతకు ముందు 1945లో ఎనియాక్ అనే గది నిండా ఉండే కంప్యూటర్‌కి లెక్కలు అమర్చడానికి ఎంచుకున్న ఆరుగురూ ఆడవాళ్లే. ఇంకా వెనక్కి వెళితే, 1843లోనే ఏడా లవ్‌లేస్ అనే ఇంగ్లీషావిడ, ఇంకా తయారుకాని యంత్రానికి బెర్నూలీ సంఖ్యలు ఎలా లెక్కపెట్టాలో మెట్టు మెట్టుగా రాసి అచ్చువేయించింది. ఇవన్నీ చదివాక "ఆడవాళ్లకి ఇవెందుకండీ" అన్న ఓ పెద్దమనిషికి నేను జవాబు చెప్పలేదు. కాఫీలో పంచదార తక్కువ వేశానంతే.

మా ఇద్దరికీ ఇంకో బంధుత్వం కూడా కలిసింది. ప్రోగ్రాములు రాసేవాళ్లకి ఒక అలవాటుంది. ఎక్కడ తప్పిందో తెలీనప్పుడు బల్లమీద ఒక రబ్బరు బాతుని పెట్టుకుని, రాసినదాన్ని వరసగా దానికి వివరిస్తారుట. చెబుతూ చెబుతూ ఉండగా తప్పు తమకే తడుతుంది. ఇప్పుడు మా కోడలు అప్పుడప్పుడు వచ్చి, "అత్తయ్యా, కాసేపు బాతుగా కూర్చుంటారా?" అంటుంది. కూర్చుంటాను. సగం అర్థం కాదు. మధ్యలో "ఆ డబ్బాలో అప్పటికి ఏముందీ?" అని అడుగుతాను. ఒకసారి ఆ మాటకి చటుక్కున లేచి నా బుగ్గ గిల్లి వెళ్లిపోయింది. అత్తా కోడళ్లకి ఇంతకంటే మంచి వరస ఎవరన్నా చెప్పగలరా?

నేను ఒక్కదాన్నే చదివితే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. మేం నలుగురం చేరాం. మూడో అంతస్తులో ఉండే టీచరుగారు, రిటైరయిన మనిషి, పిల్లలిద్దరూ పరదేశంలో. కాకినాడలో ఉన్న మా ఆడపడుచు ఫోనులో. నాలుగో మనిషి రెండో అంతస్తు అమ్మాయి. బి.కాం. చదివి అకౌంట్సులో పనిచేసి, బాబు పుట్టాక మానేసింది. మా ముగ్గురిదీ సరదా. ఆ అమ్మాయిది అవసరం. మళ్లీ ఉద్యోగంలో చేరాలంటే ఇప్పుడు ఎక్సెల్ ఒక్కటే చాలడం లేదు, పైథాన్ కూడా వచ్చా అని అడుగుతున్నారుట.

మధ్యాహ్నం రెండింటి నుంచి మూడింటి దాకా మా ఇంట్లో కూర్చునేవాళ్లం. ఆ గంటనే ఎందుకు ఎంచుకున్నామో మీకు చెప్పక్కర్లేదు. అంట్లు తోమడం అయిపోయి, సాయంత్రం కాఫీ ఇంకా మొదలవని ఆ గంట ఒక్కటే ఇంట్లో ఎవరికీ చెందనిది. మేం దాన్ని ఆక్రమించుకున్నాం. టీచరుగారు హార్వర్డ్ పాఠాలు కూడా ఉచితంగా చూసేవారు. సి.ఎస్. ఫిఫ్టీ అని, 2012 నుంచీ లోకమంతటికీ పెట్టారు. డేవిడ్ మేలన్ అనే ఆయన లావుపాటి టెలిఫోన్ డైరెక్టరీని నడిమికి చింపి చూపిస్తాడు. వెతికే పేరు ఏ సగంలో ఉంటుందో ఆ సగం ఉంచి మిగతాది పారేయడం, మళ్లీ సగం చేయడం. 1024 పేజీలున్నా పదిసార్లు చింపితే ఒక్క పేజీకి వచ్చేస్తాం. ఆవిడ అది చూసి మా ముందు పాత పంచాంగం తీశారు. చింపబోతే అత్తగారు లాక్కున్నారు.

రెండో వారంలో మా ఆడపడుచు మానేసింది. కూతురి పురిటికి వెళ్లాల్సొచ్చింది. ఆవిణ్ణి తప్పు పట్టేవాళ్లెవరు? 2019లో సైన్స్ పత్రికలో ఒక లెక్క వచ్చింది. హార్వర్డ్, ఎం.ఐ.టి. వాళ్ల ఆన్‌లైన్ కోర్సుల్లో 2017-18లో చేరినవాళ్లలో చివరిదాకా పూర్తి చేసింది నూటికి ముగ్గురికి కాస్త ఎక్కువ, అంతే. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టి చేరినవాళ్లలో కూడా సగం మంది లేరు, నూటికి 46. లోకమంతా అంతేనన్నమాట. చాలామంది ఊరికే తొంగిచూసి పోయేవాళ్లేట. మిగతావాళ్లు మానేసిన కారణాలు ఆ లెక్కలో కనబడవు గాని, మా ఇళ్లల్లో మాత్రం పురుడు, శుభలేఖ, ఊరి నుంచి దిగిన చుట్టాలు, ఒకరికి కంటి ఆపరేషను.

ఐదో వారంలో రెండో అంతస్తు అమ్మాయి అత్తగారు బాత్రూములో జారిపడి మణికట్టు విరక్కొట్టుకున్నారు. ఆ అమ్మాయి భర్తకి రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. మూడేళ్ల బాబు. రెండు వారాలు రాలేదు. నేనూ టీచరుగారూ వెళితే పప్పులో పోపు వేస్తూ అంది. "ఇంక నావల్ల కాదు ఆంటీ. ఇప్పటికి రెండు అసైన్‌మెంట్లు పోయాయి. మానేస్తాను." ఏడవలేదు. గరిటె మటుకు గట్టిగా తిప్పింది.

నాకు ఆ క్షణంలో 1988 గుర్తొచ్చింది. ఆ ఏడాది నాతో "వెళ్లు, ఇల్లు మేం చూసుకుంటాం" అన్నవాళ్లు లేరు. అనాలని ఎవరికీ తోచలేదు. అంతే జరిగింది, అంతకంటే ఏమీ లేదు.

టీచరుగారు నియమాల కాగితం తెచ్చారు. పన్నెండు అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన ఎనిమిదే లెక్కలోకి తీసుకుంటారు. వాటికి 25 మార్కులు, పరీక్షకి 75. అంటే నాలుగు వారాలు పోయినా ఏమీ కాదు. ఆ నియమం పెట్టిన పుణ్యాత్ములెవరో గాని సంసారం ఎరిగినవాళ్లు! ఆ అమ్మాయికి పోయినవి రెండే. ఇంకా రెండు మిగులున్నాయి.

అప్పుడే జపానులోని మసాకో వాకమియా గారి సంగతి కూడా చెప్పాను. ఆవిడా బ్యాంకులో పనిచేసి రిటైరయ్యే వయసులోనే కంప్యూటర్ పట్టుకుంది. ముసలివాళ్లు సరదాగా ఆడుకునే ఆటలు ఫోనులో లేవేమిటని, ఎనభై ఏళ్లు దాటాక ప్రోగ్రామింగ్ నేర్చుకుని, 2017లో హినాదాన్ అనే ఆట తనే తయారు చేసింది. వాళ్లకి మార్చి 3న ఆడపిల్లల పండగ. అచ్చం మన బొమ్మల కొలువే. మెట్లమీద రాజు, రాణి, చెలికత్తెలు, వాద్యగాళ్లు, ఎవరి స్థానంలో వాళ్లని కూర్చోబెట్టాలి. అదే ఆట. ఆ ఏడాదే ఆపిల్ కంపెనీ వాళ్లు ఆవిణ్ణి అమెరికాలో తమ సభకి పిలిచారు. ఎనభై రెండేళ్లావిడని.

"నా వయసే!" అన్నారు మా అత్తగారు, తర్వాత ఈ సంగతి విని. వెంటనే ఒక నిర్ణయం ప్రకటించారు. రెండింటి నుంచి మూడింటి దాకా బాబు తన దగ్గర ఉంటాడు. మర్నాటి నుంచీ ఆవిడ మంచంమీద కూర్చుని పలకమీద చుక్కలు పెట్టిస్తూ, వాడు ఎన్నని అడిగితే లెక్కపెడుతూ గంట గడిపేవారు. కట్టు విరిగిన పెద్దావిడకి మందులు ఇచ్చే వంతు టీచరుగారూ నేనూ పంచుకున్నాం. ఆస్పత్రికి తీసుకెళ్లే రోజుల్లో ఆ ఇంటి పెద్దాయనకి తోడుగా మా వారు వెళ్లారు. మూడింటి కాఫీ కూడా అప్పుడే ఆయన చేతికి వెళ్లింది. మొదటి నాలుగు రోజులు ఆయన కాఫీకి కూడా సింటాక్స్ ఎర్రర్ వచ్చిందనుకోండి. ఇప్పుడు డికాషన్ నిక్షేపంగా తీస్తున్నారు.

పరీక్షకి మూడు గంటల సమయం. సెంటర్లో కంప్యూటర్ల ముందు కూర్చుని రాయాలి. హాలు నిండా ఇరవయ్యేళ్ల పిల్లలు. మా ముగ్గురం లోపలికి వెళ్లగానే నలుగురు లేచి నిలబడ్డారు. ఒక కుర్రాడు నా దగ్గరకొచ్చి, "మేడమ్, రఫ్ పేపరు ఇస్తారా?" అన్నాడు. "నేనూ అదే అడుగుదామని చూస్తున్నా బాబూ" అన్నాను. వాడు నాలిక్కరుచుకుని, నేను కూర్చున్నాక నా కుర్చీ ఎత్తు సరిచేసి పెట్టి వెళ్లాడు. పరీక్ష అయ్యాక మెట్లమీద, "ఆంటీ, పదకొండో ప్రశ్నకి ఏం పెట్టారు?" అని అడిగాడు. ముప్పై అయిదేళ్ల తర్వాత నన్ను ఒకరు ఆ మాట అడిగారండీ! ఆ ఆనందం ఎలా చెప్పను?

నాకూ టీచరుగారికీ అరవై దాటాయి. రెండో అంతస్తు అమ్మాయికి 81. అరవై దాటితే సర్టిఫికెట్‌మీద ఎలీట్ అని వేస్తారు, 75 దాటితే దానికి తోడు వెండి గుర్తు. ఆ వెండి గుర్తు చూసి వాళ్ల అత్తగారు, "ఇది ఎన్ని తులాలే?" అని అడిగారుట. కట్టు విప్పిన చేత్తోనే దిష్టి తీశారుట.

ఉద్యోగం వచ్చిందా అని అడుగుతారేమో. ఇంకా రాలేదు. రెండు చోట్లకి ఇంటర్వ్యూకి వెళ్లొచ్చింది. ఒకచోట "మధ్యలో మూడేళ్లు ఏం చేశారు?" అని అడిగారుట. వాళ్లకేం తెలుసు, ఆ మూడేళ్లలో ఆ పిల్ల ఎన్ని లూపులు నడిపిందో! మూడో చోటికి వచ్చే వారం పిలుపు ఉంది. ఆ రోజు బాబు మా ఇంట్లోనే ఉంటాడు.

నేను మటుకు ఒక్క పనికొచ్చే ప్రోగ్రామే రాశాను. అత్తగారి పరగడుపు షుగరు అంకెలు పదునాలుగు నెలలవి డైరీలో ఉంటే ఎక్కించి, ఎక్కువున్న రోజులేవో చెప్పమన్నాను. చాలావరకు సోమవారాలు. ఆదివారం సాయంత్రం భజనలో పంచే చక్కెరపొంగలి బయటపడిపోయింది. "చాడీలు చెప్పే యంత్రాన్ని ఇంట్లో పెట్టావు" అని ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొంగలి మానేసి పండు తెచ్చుకున్నారు.

ఇప్పుడెందుకూ అంటే నా దగ్గర పెద్ద జవాబు లేదు. అటకమీది గంగాళం దించి చింతపండు పెట్టి తోమాను. మెరిసింది. ఇంకా నీళ్లు పడుతుంది. అది తెలియడం నాకు కావలసొచ్చింది.

జనవరిలో మళ్లీ కొత్త కోర్సులు మొదలవుతాయి. ఈసారి ఆరుగురం అయ్యాం, పురిటి నుంచి తిరిగొచ్చిన మా ఆడపడుచుతో కలిపి. గోంగూర పచ్చడి సంగతి అడిగిన పక్కింటావిడ కూడా పేరు ఇచ్చింది. అందుచేత తెలిసినవాళ్లందరికీ ఒక మనవి. రెండింటి నుంచి మూడింటి దాకా మా ఇంటి బెల్లు కొట్టకండి. మూడింటికి రండి. కాఫీ ఇస్తాం. మా వారు కలుపుతారు.